ఆవగింజకు నిలువుటద్దము

డొంకరాయి పేరు చెప్పగానే వినువారికి స్ఫురించునది ఆనకట్ట. సీలేరు నదికి అడ్డముగా నిలిచిన ఆ కట్టక్రింద 25 మెగావాట్ల విద్యుత్కేంద్రము కలదు. ఇచట నిలిచిన నీరే కాలువవెంట సాగిపోయి దిగువ పొల్లూరున 460 మెగావాట్ల యంత్రములను త్రిప్పుచున్నది. కెమెరా చేతబట్టి ఈ కొండలకు వచ్చు యాత్రికుడు జలాశయమునకో, మన్యపు లోయలకో, ఎదుటి గట్లపై ప్రాకు మంచునకో గురిపెట్టునుగాని తన కాలిక్రింది గడ్డిపరకకు గురిపెట్టుట అరుదు. ఇచ్చటనే కాపురమున్నవారి అనుభవము వేరు. ఆరుద్ర కార్తె వచ్చినది మొదలు మేఘము కొండదిగి వాకిటిలోనికే వచ్చి కూర్చుండును. ఎదుటి గట్టు కనబడని దినములు వరుసగా గడచును. దూరమునకు చూపు సాగని అట్టి దినములలోనే నేను సూక్ష్మచ్ఛాయాగ్రహణమునకు, వాడుకమాటలో మాక్రో ఫొటోగ్రఫీకి, దాసుడనైతిని. ఇంటిలో దొరకు సామగ్రితో ఈ విద్య ఎంతవరకు సాధ్యము, ఏ మార్గము దేనికి తగును, ఎక్కడ ధనము అక్కరకు వచ్చును, ఎక్కడ ఓర్పు తప్ప మరేదియు అక్కరకు రాదు అను ప్రశ్నలను చిరకాలము పరీక్షించినపిమ్మట నాకు తేలినదానిని ఇచట సమీక్షింపదలచితిని.

ఈ విద్య పుట్టినదే ఇండ్లలో. పదునేడవ శతాబ్దమున హాలెండు దేశపు డెల్ఫ్ట్ పట్టణమున బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ తాను స్వయముగా చేసికొన్న చిన్న గాజుకటకముతో నీటిబొట్టులోని జీవులను కనుగొనెను. అమెరికాలో జెరికో అను పల్లెకు చెందిన రైతు విల్సన్ బెంట్లీ, కెమెరాకు సూక్ష్మదర్శినిని జతపరచి, 1885 జనవరి 15వ తేదీన మంచుస్ఫటికమునకు తొలి ఛాయాచిత్రము తీసెను. వెచ్చదనము తగిలిన కరగిపోవు వస్తువు గనుక అతడు వెచ్చని గదిని విడిచి చలిపాకలోనే పనిచేసెను. 1931లో కన్నుమూయులోపల ఐదువేలకు పైబడి స్ఫటికములను చిత్రించెను. బెర్లినులో బోధకుడైన కార్ల్ బ్లాస్ఫెల్ట్ తానే అమర్చుకొన్న కెమెరాతో మొగ్గలను, నులితీగెలను పెద్దవిచేసి చూపి 1928లో గ్రంథముగా వెలువరించెను. వీరిలో ఎవరికిని ప్రయోగశాల లేదు. వీరికి కలిగినది ఒక వస్తువును పట్టుకొని దానిని వదలకుండుట. నా దృష్టిలో ఈ విద్యకు అదియే తొలి పరికరము.

మాక్రో అను మాటకు శాస్త్రీయమైన అర్థము సులభము. కెమెరాలో సెన్సరు అనబడు గ్రాహకఫలకముమీద వస్తువు తన నిజపరిమాణమున పడినచో అది 1:1 నిష్పత్తి. 36 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫలకమును 36 మిల్లీమీటర్ల వస్తువు నిండించినదన్నమాట. ఐతే ఈ నిష్పత్తినే పట్టుకొని సెల్‌ఫోనువారిని చిన్నచూపు చూచుట పొరపాటు. ఫోనులోని ఫలకము సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పుది. దానిపై నాలుగవవంతు పరిమాణమున ప్రతిబింబము పడినను చిత్రమునందు నిండునది 24 మిల్లీమీటర్ల వస్తువే. పెద్ద కెమెరా అంతే మేరను పట్టవలెనన్న ఒకటిన్నర రెట్లు పెంచవలసియుండును. కావున ఎన్ని రెట్లు అని అడుగుటకంటె ఎంత వెడల్పు పట్టినది అని అడుగుట న్యాయము. బడిపిల్లల ఉక్కుస్కేలును చిత్రించి, చట్రమునందు ఎన్ని గీతలు పట్టినవో లెక్కించినచో ఆ జవాబు చిటికెలో దొరకును. ఏ క్రొత్త అమరికకైనను నేను మొదట తీయునది స్కేలు చిత్రమే.

పెంచు మార్గములు నాలుగైదు కలవు. అన్నిటికంటె చౌక కెమెరా ముందర తగిలించు దగ్గరి అద్దము. దీని శక్తిని కళ్ళజోళ్ళకువలెనే డయాప్టర్లలో కొలుతురు. 4 డయాప్టర్ల అద్దమైనచో వస్తువు 25 సెంటీమీటర్ల దూరమున, 10 డయాప్టర్లదైనచో 10 సెంటీమీటర్ల దూరమున స్పష్టమగును. సూత్రము అర్థముచేసికొనుటకు దుకాణమునకు పోనక్కరలేదు: ఇంటిలో పెద్దవారి చత్వారపు కళ్ళజోటిని కటకమునకు ముందు పట్టి చూచినచో చాలును. ఒంటి అద్దము కావున అంచులయందు ఎరుపు, నీలి చారలు పడును. రెండు జాతుల గాజును అతికించి చేసిన అద్దములలో ఈ దోషము చాలవరకు తీరును. అంగడిలో నాలుగైదు కలిపి అగ్గువకు అమ్ము అద్దములను ఒకదానిపై ఒకటి పేర్చి వాడుటవలన ప్రయోజనము స్వల్పము. ఆ సొమ్ముతో మంచిది ఒకటి కొనుట మేలు.

రెండవది కటకమునకు, కెమెరాకు నడుమ ఉంచు బోలుగొట్టము. దీనిలో గాజు లేదు. కటకమును ఫలకమునుండి దూరము జరుపుటయే దీని పని. 50 మిల్లీమీటర్ల కటకమునకు 25 మిల్లీమీటర్ల గొట్టము చేర్చినచో సగము పరిమాణము, 50 మిల్లీమీటర్ల గొట్టము చేర్చినచో నిజపరిమాణము లభించును. గాజు లేదు గనుక దోషమును అది కలుపదుగాని, వెలుతురును మ్రింగును. నిజపరిమాణమువద్ద ఫలకమునకు చేరునది నాలుగవవంతు వెలుగే.

మూడవ మార్గముపై నాకు పక్షపాతము కలదని దాపరికము లేక చెప్పెదను. అది కటకమును త్రిప్పి బిగించుట. సామాన్యకటకము ఎదుటనున్న పెద్ద దృశ్యమును లోపలి చిన్న ఫలకముపైకి దించుటకై నిర్మితమైనది. దానిని వెనుకముందులు చేసినచో, ఎదుట చిన్నవస్తువు, లోపల పెద్ద ప్రతిబింబము అను క్రొత్త ధర్మమునకు అదే గాజు చక్కగా ఒదుగును. ఫిల్ముకాలపు 50 మిల్లీమీటర్ల కటకము త్రిప్పినచో ఇంచుమించు నిజపరిమాణము, 28 మిల్లీమీటర్లది త్రిప్పినచో రెండు రెట్లకు మించిన పెంపు లభించును. ఎవరి బీరువాలోనో మూలపడియున్న పాతకటకము, దానికి సరిపడు ఉంగరము ఒకటి ఉన్నచో పని నెరవేరును. పాతదే ఏల? వెలుగుద్వారమును చేతితో చిన్నదిచేయు ఉంగరము దానికి కలదు. క్రొత్తవానిలో అనేకమునకు అది లేదు, త్రిప్పగానే కెమెరా మాట వినుట మానును. దీని లోపములు రెండు. వస్తువుకు, కటకమునకు నడుమ నాలుగు సెంటీమీటర్లకంటె ఎడము మిగులదు, దానివలన కటకపు నీడయే వస్తువుపై పడును. వెనుకభాగము బయటపడియుండును గనుక దుమ్ము, తేమ నేరుగా తగులును. 200 మిల్లీమీటర్ల కటకమునకు ముందు 50 మిల్లీమీటర్లది త్రిప్పి జతపరచుట దీనికి విస్తరణము. పెద్ద సంఖ్యను చిన్నసంఖ్యతో భాగించగా నాలుగు రెట్లు వచ్చును. మాక్రో కొరకే చేసిన ఖరీదైన కటకము సుఖమును, ఎడమును ఇచ్చునుగాని, మేజాపై కదలక కూర్చున్న వస్తువునకు ఈ త్రిప్పిన పాతకటకముకంటె అంతగా ఎక్కువయేమియు ఇయ్యదు.

పెంపు ఇంత సులభమైనపుడు ఈ విద్యలో కష్టమెక్కడ? స్పష్టతయొక్క లోతునందు. నిజపరిమాణమువద్ద, వెలుగుద్వారమును ఎఫ్ 8 కు (ఈ సంఖ్య పెరిగినకొద్ది ద్వారము ఇరుకగును) ఉంచినచో స్పష్టముగా కనబడు లోతు సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్ 16 వద్ద రెండు మిల్లీమీటర్లు. నాలుగు రెట్ల పెంపున, ఎఫ్ 5.6 వద్ద అది మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. గండుచీమ మీసము తేటపడినచో మెడ మసకబారును. మెడ తేటపడినచో మీసము పొగయై పోవును. ద్వారమును ఇంకను ముడిచి లోతును పెంచుదమన్న వెలుగు స్వభావమే అడ్డుపడును. దగ్గరి చిత్రములో ఎఫ్ సంఖ్య అద్దముపై వ్రాసినంత మాత్రమే కాదు, పెంపునకు ఒకటి కలిపి హెచ్చవేయగా వచ్చినంత. నిజపరిమాణమువద్ద 16 అనునది 32 అగును, నాలుగు రెట్లవద్ద 80 అగును. అంత ఇరుకైన ద్వారమున దూరిన వెలుగు వివర్తనముచే పరచుకొనును. 32 వద్ద ఒక్కొక్క బిందువు మిల్లీమీటరులో వందకు నాలుగువంతుల మచ్చగును. 80 వద్ద పదవవంతును మించును. లోతుకొరకు పోయి మొత్తము చిత్రమునే మెత్తబరచుకొందుము. అభ్యాసకులలో పలువురు ఇక్కడనే కటకమును నిందించి మరియొకటి కొనుటకు సిద్ధపడుదురు. నిందకు కటకము పాత్రము కాదు.

దీనికి విరుగుడు పొరల కూర్పు. ఒకే వస్తువును కొద్దికొద్దిగా ముందుకు జరుపుచు పెక్కు చిత్రములు తీసి, ప్రతిదానిలోను తేటగానున్న పొరను ఏరి, కంప్యూటరుచే ఒక్క చిత్రముగా కుట్టించుట దాని విధానము. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనునవి వెలపెట్టి కొనవలసిన సాధనములు. కంబైన్‌జెడ్‌పీ, ఎన్‌ఫ్యూజ్ వెలలేనివి. ఇంటి పనికి వెలలేనివే నాకు చాలినవి. అసలు చిక్కు మిల్లీమీటరులో ఇరువదవవంతు చొప్పున వస్తువును జరుపుట. దీనికి ఇనుపకొట్టులోని ఆరు మిల్లీమీటర్ల బోల్టు చాలును. అంగడివారు ఎం6 అందురు. ఇది ఒక్క చుట్టు తిరిగిన సరిగా ఒక మిల్లీమీటరు నడచును. దాని తలకు అట్టచక్రము అతికించి, అంచున ఇరువది గీతలు గీసినచో, గీతకు ఇరువదవవంతు. మరలోని వదులు చిత్రములోనికి రాకుండుటకు వస్తువునుంచిన పలకను రబ్బరుపట్టీతో బోల్టుమీదికి లాగియుంచవలెను. చక్రమును ఎల్లప్పుడు ఒకే దిక్కునకు త్రిప్పవలెను. నాలుగు మిల్లీమీటర్ల లోతుగల మిరియపుగింజ తొక్కునకు ఈ లెక్కన ఎనుబది చిత్రములు. వడ్రంగి మిగిల్చిన చెక్కముక్కపై నేను అమర్చుకొన్న ఈ జరుగుడుపీట అందముగా లేదు, కాని నాకు మిక్కిలి ప్రియమైనది.

ఎనుబది చిత్రములు తీయుసరికి ఇల్లంతయు సహకరింపవలెను. ప్రక్కగదిలో తలుపు వేసినను, రోలు కదిలినను, పంకా తిరిగినను వరుస చెడును. మేజా కాళ్ళక్రింద మడిచిన గోనెపట్టాలు పరచితిని. ఐనను అందరు నిద్రించిన తరువాతి గంట ఒక్కటే నిజముగా నమ్మదగినది. బయట అడవిలో దొరకని నిశ్చలత ఇంటిలో దొరకునది ఈ గంటలోనే.

ఈ విద్యలో నిశ్చలత ఒక సగమైనచో వెలుతురు రెండవ సగము. ఫ్లాష్ మెరుపు సెకనులో వేలవంతులలో ముగియును గనుక చిన్న కదలికను అది స్తంభింపజేయును. కాని నున్నని రెక్కతొడుగుగల పురుగుపై సూటిగా పడిన మెరుపు తెల్లని మచ్చయై, రంగును, నగిషీని చెరపును. మచ్చను కరగించునది వెలుగు బలముకాదు, వెలుగు విస్తృతి. చీమంత వస్తువునకు అరచేయంత తెల్లకాగితము ఆకాశమంత కప్పగును. ఉతికిన పాత పంచెను రెండుపొరలుగా మడిచి దీపమునకు అడ్డుపెట్టినచో అంగడివారి పరికరములు దానిని మించలేవు. ఇక డొంకరాయి వానకాలపు ఉదయములలో కిటికీవద్ద ఏ అడ్డును అక్కరలేదు. ఆకాశమంతయు ఒకే పంచెగా పరచుకొనియుండును. పట్టణములలోని మిత్రులు డబ్బుపెట్టి సృష్టించుకొను వెలుగు మాకు మబ్బు ఉచితముగా ఇచ్చును.

ఏమి చిత్రింపవలెనని అడుగువారికి నేను మొదట చెప్పునది బల్లి విడిచిన రెక్క. దీపముచుట్టు మూగిన రెక్కపురుగులను తినిన బల్లి రెక్కలను వదలిపెట్టును. తెల్లవారి వసారాలో ఊడ్చుటకు ముందే వెదకినచో దొరకును. రెక్క చదునైనది, కావున ఫలకమునకు సమాంతరముగా పరచినచో ఒక్క చిత్రముననే అంతయు తేటపడును. పెంకుటింటి కప్పువలె వరుసదీరిన పొలుసులు కనబడును. లోతుతో పోరాడకమునుపే అభ్యాసకునికి ఒక జయము లభించుట అవసరము.

వంటింటిలో నిమ్మ ఉప్పును మించిన వస్తువు నాకు తారసపడలేదు. చిటికెడు నిమ్మ ఉప్పును నీటిలో కరగించి, గాజుపలకపై ఒక బొట్టు పరచి ఆరనీయవలెను. వానకాలమున అది తనంత ఆరదు గనుక పొయ్యిగట్టు వెచ్చదనమున ఉంచవలెను. ఎల్‌సీడీ కంప్యూటరు తెరను తెల్లగా వెలిగించి, పలకను దానిముందు నిలిపి, కెమెరాకు ధ్రువణపు అద్దము తొడిగి త్రిప్పినచో, ఒకానొక స్థానమున తెర నల్లబారును. ఆ నలుపులో నిమ్మ ఉప్పు నెమలిపింఛమై విప్పారును. తెరనుండి వచ్చు వెలుగు ముందే ధ్రువితమై యుండుటయు, ఆ స్ఫటికము దానిని రెండుగా చీల్చి కలుపుటయు ఇందులకు కారణము. ఇదే పలకపై వంట ఉప్పునో పటికనో పెట్టి చూడుడు: ఏ రంగును రాదు. వాని స్ఫటికములు ఘనాకృతి కుటుంబమునకు చెందినవి. అన్ని దిక్కులను సమముగా చూచు స్వభావము గలవి. పంచదార మరల రంగులీనును. చూపునకు ఒకేరకము తెల్లపొడులైన వీని అంతరంగభేదము ఒక గాజుపలకమీద తేలిపోవుట మొదటిసారి చూచిన రాత్రి నేను చాలసేపు తెర ఆర్పలేకపోయితిని.

సబ్బుపొర మరియొకటి. కుంకుడురసములో కొంచెము పంచదార కలిపి, అందు చేతిగాజును ముంచి నిలువుగా పట్టినచో గాజులోపల పలుచని పొర నిలుచును. దానియందు ప్రతిఫలించునట్లు తెల్లబట్టను ఏటవాలుగా అమర్చి చూచినచో అడ్డపట్టీలుగా రంగులు క్రిందికి జారును. పొర చిట్లుటకు ముందు పైఅంచు నల్లబడును, ఏలయన అక్కడ అది వెలుగు తరంగముకంటె మిక్కిలి పలుచనై పోయినది. పలుచని పొరల రంగులపై సర్ సి.వి. రామన్‌గారికి జీవితాంతము తీరని మోజు ఉండెను; ముత్యపుచిప్పలను, పక్షియీకలను ఆయన శాస్త్రదృష్టితో పరిశీలించిరి. ఆయన బాల్యవిద్య మన విశాఖపట్టణముననే సాగినదని ఇచట స్మరించుట నాకు ఇష్టము.

జీవముగల పురుగుల విషయమున నా అభిప్రాయము కఠినమైనది. పురుగును కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచి మొద్దుబారజేసి చిత్రించు పద్ధతి ఒకటి వ్యాపించియున్నది. జిగురుతో అతికించువారును కలరు. ఆ చిత్రములలో కాళ్ళు ముడుచుకొన్న తీరే రహస్యమును బయటపెట్టును. తెల్లవారుజామున, మంచుబిందువులు రెక్కలపై నిలిచియున్నపుడు, తూనీగ తనంత తానే కదలక ఉండును. ఆ అరగంటను లేచి అందుకొనలేనివాడు తూనీగను తీయకుండుటయే న్యాయము. ఆరుద్ర పురుగు ఈ మన్యమున తొలివానలకు నేలపై మెరయు ఎర్రని మకమలు ముద్ద. దానిని పిల్లలు దోసిట పట్టి ఇంటికి తెచ్చుచుందురు. పురుగని మనము పిలిచినను అది ఎనిమిదికాళ్ళ నల్లిజాతిది. దాని మకమలును నేలమీద పండుకొనియే తీయవలెను; ఒళ్ళు బురదయగును, అంతే.

తేమ ఈ ఊరి సౌందర్యము, కెమెరాకు శత్రువు. ఒక వానకాలము పట్టించుకొననందున నా పాతకటకములోపల సాలెగూటివలె బూజు ప్రాకెను. నాటినుండి మూతబిగువైన డబ్బాలో సిలికా గుండ్లతో కలిపి ఉంచుచున్నాను. నీలిగుండ్లు గులాబివన్నెకు మారగానే వంటకు వాడని పాత పెనముపై వేడిచేసినచో మరల నీలమగును.

కడపట ఒక ప్రయోగమును విస్తరించి చెప్పెదను. మాకు ఎగువన గూడెంకొత్తవీధి, చింతపల్లి, అరకు ప్రాంతములలో గిరిజన కుటుంబములకు కాఫీతోట జీవనాధారము. 1990లో నీలగిరులలో భారతదేశమున తొలిసారి కనబడిన కాఫీకాయ తొలుచుపురుగు 2025లో అరకు తోటలకు వచ్చి చేరెను. ఆడపురుగు రెండు మిల్లీమీటర్లకు లోపే; కాయకొననున్న బొడ్డువద్ద గుండుసూదిమొనంత రంధ్రము చేసి లోనికి పోయి గింజలోనే సంతానమును పెంచును. ఇంతటి చిన్నదానిని గుర్తించుటయే పోరాటమున మొదటి మెట్టు గనుక, తోటవారికి చూపదగిన చిత్రము తీయవలెనని నాకు బుద్ధి పుట్టినది. పురుగుపట్టిన కాయను ఊరుదాటించుట తెగులును మోసికొనిపోవుటయే యగును; కావున పచ్చికాయను తేలేదు. ఏరిన కాయలను తోటయందే సలసలకాగు నీటిలో ముంచి పురుగును చంపుట నిర్దేశింపబడిన పద్ధతి. అట్లు ముంచినపిమ్మట చీల్చిన కాయనుండి తీసిన పురుగు ఒకటి కాగితపు పొట్లములో నా మేజాకు చేరినది. చిత్రముకొరకు చంపనిదానిని చిత్రించుటకు నాకు సంకోచము కలుగలేదు.

మొదటి రాత్రి ఫ్లాష్ పొరపాటున సూటిగా పడి వీపంతయు తెల్లమచ్చయయ్యెను. రెండవ రాత్రి పంచె అడ్డుపెట్టి, నాలుగు రెట్ల పెంపున, బోల్టు గీత వెంబడి గీతగా జరుపుచు ముప్పదియారు చిత్రములు తీసి కుట్టించితిని. వీపుపై నిలువు వరుసలలో నిక్కిన నూగు కనబడెను. మెడకప్పు ముందంచున చిన్న పండ్లు కనబడెను. పొరపడితినేమోయని తెరపై పెద్దవిచేసి మరల ఎంచితిని, నాలుగు. ప్రక్కన ఉక్కుస్కేలు గీతలు రెండును పట్టునట్లు మరియొక చిత్రము తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చువేయించి, పొట్లము పంపిన రైతుకు మరునాటి బస్సులో పంపితిని.